నలుసు మందూ, మొదటి పోగూ

ఆషాఢ శుద్ధ విదియ

గోడా, రాసుకో. ఇవాళ్టి నుంచి నా ఒంట్లో ఏం జరిగితే అది రోజూ చెప్పమంది డాక్టరు హంసిని. నా చేతులు కలం పట్టవు కాబట్టి నేను చెబుతాను, నువ్వు రాస్తావు. నా మాటలు దిద్దావో, నీకు మేకు దిగుతుంది.

నా పేరు నూకరత్నం. చంద్రలంకలో పుట్టి, చంద్రలంకలో పెళ్ళాడి, చంద్రలంకలోనే మోకాళ్ళు అరగదీసుకున్న మనిషిని. మా తాతల కాలంలో గోదావరి లంకల వాళ్ళు కొందరు చంద్రుడి మీదికి వచ్చి ఈ సొరంగంలో కాపురం పెట్టారు. చుట్టూ చుక్క నీరు లేకపోయినా దీన్నీ లంక అనే పిలిచారు. తిథులు కూడా కింది లెక్కే. అక్కడ పౌర్ణమి నాడు మా ఆకాశంలో భూమి కనపడదు, అమావాస్య నాడు నిండుగా వెలుగుతుంది. అయినా పంచాంగం మార్చే ధైర్యం ఎవరికీ లేదు, పండగలన్నీ కలగాపులగం అయిపోతాయి.

మా నీళ్ళన్నీ మంచు బావిలో ఉన్నాయి. దాని అడుగున ఎండ ఎన్నడూ పడలేదు. అందులోంచి మంచుగడ్డలు లాగే తాడును ఏటా మార్చాలి. మర పేనిన తాడు ఆ చలికి రెండుసార్లు పుటుక్కుమంది. మేం జడ కోలాటం ఆడి పేనిన తాడు ఇంతవరకూ తెగలేదు. ఎందుకో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా ఎవరికీ లేదు. పైనుంచి పదహారు పోగులు వేలాడతాయి. ఒక్కొక్కరి ఎడమ చేతిలో ఒక పోగు, కుడి చేతిలో కోల. సగం మంది ఇటు, సగం మంది అటు తిరుగుతూ, ఒకరి పోగు కింద ఒకరు దూరుతూ, ఎదురైనవాళ్ళ కోలకు కోల తగిలిస్తూ ఆడితే పైన జడ అల్లుకుంటూ దిగుతుంది. ఇక్కడ ఒంటి బరువు కిందితో పోలిస్తే ఆరో వంతు, ఒక్క గెంతుకు మనిషెత్తు లేస్తాం. అందులో మొదటి పోగు నాది. పాట ఎత్తుకునేదీ నేనే. గొప్పలు చెప్పుకోవడం కాదు ఇది. సరే, కొంచెం గొప్పే.

ఆ కోలాటం ఈ పౌర్ణమికి. నా చేతులు చూస్తే ఇలా ఉన్నాయి. మూడేళ్ళుగా నా రక్తంలో కాపలా కాసే కణాల బుద్ధి గడ్డి తిని, అవి నా కీళ్ళనే దొంగలనుకుని కరుస్తున్నాయట. పొద్దున లేస్తే పిడికిలి పడదు. పోయినేడు పళ్ళు బిగబట్టి ఆడాను, ఈ ఏడు పళ్ళు కూడా చాలవు. అందుకని హంసిని నా రక్తంతోనే నలుసు మందు తయారు చేసింది. కంట్లో పడే నలుసుకంటే వేల రెట్లు చిన్నవి. ఒక్కో నలుసులో ఇంత మందు, ఇంత ఇనుము, పైన నా కీలు గుర్తు. సూది వేశాక ఒళ్ళంతా తిరిగి, అయస్కాంతం ఎక్కడుంటే అక్కడ ఆగుతాయి. ఇవాళ పొద్దున మొదటి సూది వేసి, పది వేళ్ళకూ పది అయస్కాంతపు ఉంగరాలు తొడిగి, సాయంత్రం దాకా చేతులు కదపకుండా కూర్చోమంది. ఇలాంటి మోతాదులు నాకు రెండే ఉన్నాయి.

చేతులు కదపకుండా, అదీ ఆషాఢ మాసంలో! ఆ మాట వింటే ఏ ఆడదానికైనా ఏం గుర్తొస్తుంది? మా ఆయన అబ్బులుకు వీరవేణి అని అక్క ఉంది. కోలాటంలో నాకు ఎదురు కోల ఆవిడదే. నేను ఊరికే కూర్చుంటానని తెలిసి, దీపాల కింద మొక్కలు పెంచే వెలుగుతోటలో గోరింటాకు కోసి, మెత్తగా రుబ్బి గిన్నెతో సహా దిగింది. ఉంగరాల మీద గోరింటాకు ఎలా పెడతారు? వదిన చేత తీయించి బొడ్లో దోపుకున్నాను. నా ఒంటి మీదే కదా ఉన్నాయి, ఎక్కడికి పోతాయి అనుకున్నాను. వదిన వేళ్ళకు టోపీలు పెట్టి, అరచేతుల్లో గుండ్రంగా చందమామలు దిద్దింది. చందమామ మీదే కూర్చుని దాన్ని చందమామ అంటామేమిటని ఇద్దరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. సాయంత్రం దాకా డాక్టరు చెప్పినట్టే కదలకుండా కూర్చున్నాను. ఇంత బుద్ధిగా నేను ఎప్పుడూ లేను.

తదియ

గోరింటాకు భలే పండింది. బాగా పండితే మంచి మొగుడు వస్తాడంటారు కదా, మా ఆయన పొద్దున్నుంచి మీసం దువ్వుకుంటూ తిరుగుతున్నాడు. ఎప్పుడో వచ్చేసిన మొగుడికి ఇప్పుడెందుకు ఆ సంబరం అంటే వినడు.

వేళ్ళు మాత్రం నిన్న ఎలా ఉన్నాయో ఇవాళా అంతే. అన్నం ఆయనే కలిపి ముద్దలు పెట్టాడు. జడ కూడా ఆయనే వేశాడు. పుట్టగొడుగుల గదిలో పని చేసే మనిషి, జడ కూడా వాటి గంపలా గట్టిగా బిగించాడు. కనుబొమలు నుదుటి మీదికి లేచి రోజంతా ఆశ్చర్యపోతున్నదానిలా తిరిగాను.

పంచమి

గోడా, పెద్ద అక్షరాలతో రాయి. పొద్దున లేచి కుళాయి దగ్గరికి వెళ్ళాను, వెళ్ళాక గుర్తొచ్చింది, కుంటలేదని. మూడేళ్ళుగా గోడ పట్టుకోకుండా ఆ నాలుగడుగులు వేయలేదు. కాలి వేళ్ళు ముడిచాను, ముడుచుకున్నాయి. మడమ ఎత్తాను, లేచింది. నమ్మకం కలగక ఒక్క గెంతు గెంతాను. తల పైకప్పుకు ఠంగుమని తగిలి, మెల్లగా కిందికి దిగుతూ నవ్వడం మొదలుపెట్టాను. మా ఆయన పరుగెత్తుకొచ్చి ఏమైందో తెలియకుండానే తనూ నవ్వాడు. ఆయనకు అదో గుణం.

ఇంతకీ చేతులు? చేతులు చెక్క ముక్కల్లాగే ఉన్నాయి. మందు చేతులకు వేస్తే కాళ్ళకు తగ్గడమేమిటి అని వీరవేణి వదిన ముక్కున వేలేసుకుంది. వేలు వంగే మనిషి కాబట్టి వేసుకుంటుంది.

షష్ఠి

హంసిని నన్ను బల్ల మీద పడుకోబెట్టి లోపల బొమ్మ తీసింది. చేతుల దగ్గర అంతా చీకటి. నడుం కుడిపక్కన మాత్రం మతాబు వెలిగినట్టు ఒకటే వెలుగు. ఆ పిల్ల దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, మర్యాదగా అడిగింది.

“రత్నంగారూ, ఉంగరాలు మధ్యలో ఏమైనా తీశారాండీ?”

తీయలేదు అందామనుకున్నాను. ఎర్రగా పండిన చేతులు ఎక్కడ దాచను? గోరింటాకు సంగతి, బొడ్లో దోపుకున్న సంగతి అంతా చెప్పేశాను. హంసిని తన మందు లెక్కల పుస్తకం తీసి నా ముందు పెట్టింది. తిడితే బాగుండేది. నలభై రోజులు కష్టపడి పెంచిన మందును నేను చీర కుచ్చిళ్ళ దగ్గర పారబోశానని అప్పుడు తెలిసింది. నిజంగా నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తర్వాత ఆ పిల్ల నా కాళ్ళు పట్టుకుని వేలు వేలూ వంచి చూసింది. మళ్ళీ బొమ్మ చూసింది. మళ్ళీ కాళ్ళు చూసింది. ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచి, బరువు మరిచిపోయి గాల్లోకి తేలి, దీపానికి తల కొట్టుకుంది. ఇవాళ రేపు మా ఊళ్ళో అందరికీ తలలే తగులుతున్నాయి.

ఆ పిల్ల చెప్పింది నాకు అర్థమైనంత చెబుతాను. కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది కదా. ఆ బిళ్ళలే కాపలా కణాలకు బడి. ఎవరు మనవాళ్ళో ఎవరు పైవాళ్ళో అక్కడ నేర్చుకుంటాయి. హంసిని నలుసుల్ని కొట్లాట జరిగే చోటికి, అంటే వేళ్ళకు పంపాలనుకుంది. నేను ఉంగరాలు నడుముకు దోపేసరికి అవి అక్కడ ఆగి, పక్కనే ఉన్న బళ్ళోకి దూరాయి. నా కీలు గుర్తు చూపించి, ఇది మనదే, కరవకండర్రా అని పాఠం చెబుతున్నాయి. కాళ్ళ వైపు బడి కాబట్టి కాళ్ళకు ముందు తెలిసింది. ఆ చదువుకున్న కణాలు చేతుల దాకా ఎప్పుడు వెళతాయో, అసలు వెళతాయో లేదో హంసినికి తెలియదు. అలా ఎవరూ ఎప్పుడూ చేసి చూడలేదట. చేసి చూడటానికి గోరింటాకు కావాలని వాళ్ళకేం తెలుసు.

అష్టమి

ఇవాళ తాడు పరీక్ష, కోలాటంలో పోగు పట్టగలమో లేదో చూసేది. పాట ఒక చరణం అయ్యేదాకా ఎడమ చేత్తో తాడు పట్టుకుని వేలాడాలి. లంక వాళ్ళందరూ వచ్చారు. మొదటి మాటకే నా వేళ్ళు విచ్చుకున్నాయి. ఇక్కడ పడటం కూడా నిదానంగానే పడతాం, పరువు పోవడానికి బోలెడంత సమయం ఉంటుంది. వదిన కేసి చూస్తూ, మా ఆయన కేసి చూస్తూ, నవ్వు మొహం పెట్టుకుని దిగుతూనే ఉన్నాను. నేల తగిలాక మాత్రం నవ్వు రాలేదు.

మా దగ్గర కట్టుబాటు ఒకటుంది. ఇంటి పోగు ఇంట్లోవాళ్ళే పట్టాలి. ఎవరి చేతిలో జడ పూర్తయితే ఆ పోగు ఇక వాళ్ళదే, బతికున్నన్నాళ్ళూ. వెనక్కి ఇవ్వడం లేదు. మా ఇంట్లో ఉన్నది మా ఆయనొక్కడే. పరీక్షలో తప్పినా పౌర్ణమి దాకా గడువుంది, అప్పటికీ నా చేతులు రాకపోతే అబ్బులు మొదటి పోగు పడతాడు. కుడికి తిరగమంటే ముందు తన చెయ్యి చూసుకుని, అన్నం తినేది ఏదో గుర్తు తెచ్చుకుని అప్పుడు తిరిగే మనిషి. ఇంటికొచ్చి తలుపు వేసుకుని ఏడ్చాను. ఇది కూడా రాయి.

నవమి

రెండో మోతాదు ఇవాళ వేయాలి. హంసిని మొహమాటం లేకుండా చెప్పింది. ఉంగరాలు వేళ్ళకే పెట్టుకుంటే పౌర్ణమికి చేతులు ఖాయంగా వస్తాయి, పోగు నాకే ఉంటుంది. కానీ నెల తిరిగేసరికి మళ్ళీ మొదటికొస్తుంది. నడుముకు కడితే బడిలో పాఠం పూర్తి కావచ్చు, ఒళ్ళంతా నెమ్మదించి ఇక తిరగబెట్టకపోవచ్చు. కానీ ఎప్పుడన్నది చెప్పలేదట. రేపు కావచ్చు, భాద్రపదం కావచ్చు.

వీరవేణి వదిన ఆలోచించడానికేముంది అంది. వేళ్ళకే పెట్టుకో, పోగు పోతే మళ్ళీ రాదు, మా తమ్ముడి ఎదుట కోల పట్టుకుని నేను ఆడలేనే తల్లీ అని చేతులు జోడించింది. నాకూ అదే సబబనిపించింది. ఉంగరాలు తొడగమని చేతులు చాచాను కూడా. మా ఆయన అంతసేపూ మూల నిలబడి ఉన్నాడు. నా విషయంలో ఆయన్ని అడిగే అలవాటు నాకు లేదు, చెప్పే అలవాటు ఆయనకూ లేదు. ఇవాళ మాత్రం నోరు విప్పాడు.

“అన్నం కలిపి పెట్టడం నాకేం కష్టం కాదే. నేను ముద్ద పెట్టేటప్పుడు నువ్వు కళ్ళు మూసుకుంటావు. మూడేళ్ళ నుంచీ చూస్తన్నాను. అదే నావల్ల కావట్లేదు.”

నేను కళ్ళు మూసుకుంటానని నాకే తెలియదు. ఏడాదికి ఒక్క రోజు అందరి ముందూ ఆడి, మిగతా రోజులు కళ్ళు మూసుకుని తినడం ఒక బతుకా అనిపించింది. నాకు కొంచెం వద్దు, మొత్తం కావాలి. నేను చిన్నప్పటి నుంచీ ఆశపోతునే. ఉంగరాలు రెండు అరచేతుల మధ్యా ఇరికించి లాక్కుని నేనే బొడ్లో దోపుకున్నాను.

“నడుముకే వెయ్యమ్మా,” అన్నాను హంసినితో. “ఈసారి గోరింటాకు లేకుండానే.”

వదిన నా మీద అలిగి విసవిసా వెళ్ళిపోయింది.

ద్వాదశి

చేతుల్లో మార్పు లేదు. ఇంట్లో మాత్రం ప్రళయం. అలక తీరిన వదిన తమ్ముడికి కోలాటం నేర్పుతోంది. కోలలు అరిగిపోతాయని ఆయన చేతికి అట్లకాడ ఇచ్చింది, పోగుకు బదులు నా పాత ఓణీ. నేను కుర్చీలో కూర్చుని పాట పాడాలి.

“ఎత్తవే కోల ఎత్తవే, చుట్టవే జడ చుట్టవే” అని నేను అందుకోగానే ఆయన చుట్టడం మొదలుపెట్టి ఓణీ తన మెడకే చుట్టుకున్నాడు. దూరమన్నప్పుడు గెంతాడు, గెంతమన్నప్పుడు దూరాడు. ఒకసారి ఇద్దరూ ఒకేసారి గాల్లోకి లేచి, ఎదురెదురుగా తేలుతూ, కిందికి దిగేదాకా అక్కాతమ్ముళ్ళు తిట్టుకున్నారు. ముప్పై ఏళ్ళుగా పాట వింటున్నావు కదరా, చెవుల్లో పుట్టగొడుగులు మొలిచాయా అని వదిన. నవ్వీ నవ్వీ నాకు డొక్కలు నొప్పి పుట్టాయి. నవ్వు ఆగాక నా పోగు గుర్తొచ్చి, మళ్ళీ గుండె జారిపోయింది. పొద్దున హంసిని మీద అరిచాను, మధ్యాహ్నం కుళాయి మీద అరిచాను. నీ మీదా అరిచాను కానీ నువ్వు అది రాయలేదు, చూశాను.

చతుర్దశి

చేతులు రాలేదు. పొద్దున తాడు పెద్దల దగ్గరికి వెళ్ళి మొదటి పోగు మా ఆయనకు ఇవ్వమని నేనే చెప్పి వచ్చాను. తల ఎత్తుకునే చెప్పాను. చేసిన పనికి చింత లేదు. లేదంటే లేదు. గోడా, నువ్వు నమ్మకపోతే నీ ఖర్మ.

పౌర్ణమి

ఎక్కడ మొదలుపెట్టను? నా ఊపిరి ఇంకా అందడం లేదు.

బావి గట్టు మీద పెద్ద చావడిలో పదహారు పోగులూ దిగాయి. మా ఆయన కొత్త పంచె కట్టి, గెంతితే పైకి లేవకుండా అంచుకు బరువులు కుట్టించుకుని, మొదటి పోగు పట్టుకుని పరీక్షకు కూర్చున్నవాడిలా బిగుసుకుపోయి నిలబడ్డాడు. పాట ఎత్తుకోవడానికి చేతులతో పనిలేదు కాబట్టి ఆ పని నాకే ఉంచారు. జనం ముందు వరసలో నిలబడి గొంతెత్తాను.

మొదట్లో నా కళ్ళన్నీ ఆయన కాళ్ళ మీదే. కుడి, కుడి అని లోపల్లోపల కొట్టుకుంటున్నాను. మహానుభావుడు తప్పలేదు. దూరాల్సిన చోట దూరాడు, వదిన కోలకు కోల తగిలించాడు. పైన జడ అల్లుకుంటూ మూరెడు దిగింది. వదిన మొహంలో అక్కతనం మొదటిసారి చూశాను. నాకు సంతోషమూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి. నా పోగు పోతోంది, మా ఆయన ఆడుతున్నాడు, రెండూ నిజమే. ఇక ఆపుకోలేకపోయాను. పాట జోరు పెంచాను. జనమూ జోరందుకున్నారు. రెండో చరణం, మూడో చరణం. అందరూ గాల్లోకి లేస్తున్నారు, దిగుతున్నారు, నేనూ నేల మీద లేను.

నాలుగో చరణంలో మా ఆయన నా ముందు నుంచి వెళుతూ నన్ను చూశాడు. చూసి, ఆగిపోయాడు.

జడ కోలాటంలో ఆగకూడదు. వెనకవాళ్ళు వచ్చి ఆయన్ని గుద్దుకున్నారు, ఎదుటివాళ్ళు వాళ్ళని గుద్దుకున్నారు, పదహారు పోగులూ గబగబా చిక్కుపడిపోయాయి. గాల్లో ఉన్నవాళ్ళు కిందికి దిగడానికి చోటు లేక ఒకరి భుజాల మీద ఒకరు దిగారు. వదిన చిక్కులోంచి తల బయటపెట్టి తిట్టబోయింది. మా ఆయన ఎవరినీ చూడటం లేదు.

“ఏమే,” అన్నాడు. “నువ్వు చప్పట్లు కొడతన్నావే.”

అప్పుడు చూసుకున్నాను. కొడుతున్నాను. రెండు అరచేతులూ కలిసి, వేళ్ళు వేళ్ళకు తగిలేలా, ఫట్ ఫట్‌మని కొడుతున్నాను. ఎప్పటి నుంచి కొడుతున్నానో నాకు తెలియదు. పక్కనున్న హంసిని మొదటి చరణం నుంచీ అంది. చూస్తూ కూడా చెప్పలేదట, చెబితే ఆపేస్తానేమోనని. ఆ పిల్ల చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. నేను పిడికిలి పట్టాను. పట్టింది. విప్పాను. మళ్ళీ పట్టాను. చావడి అంతా నా పిడికిలి కేసి చూస్తోంది.

జడ చిక్కుపడితే ఒకటే దారి. పాట వెనక నుంచి పాడుతూ, అడుగులు వెనక్కి వేస్తూ, అల్లినదంతా విప్పేయాలి. విప్పారు. దిగిన జడంతా మాయమై పదహారు పోగులూ విడివిడిగా వేలాడాయి. జడ పూర్తి కాలేదు కాబట్టి పోగు ఇంకా ఎవరి చేతికీ మారలేదని తాడు పెద్ద గట్టిగా చెప్పాడు, అది తనే కనిపెట్టినట్టు.

మా ఆయన నా దగ్గరికి వచ్చాడు. పంచె ఊడిపోతోంది, నుదుటి మీద ఎవరి కోలో తగిలి బొప్పి కట్టింది. పోగు రెండు చేతులతో పట్టుకుని నాకు చాచాడు. ఆయన ఏడుస్తుంటే జనం నవ్వుతున్నారు, నేను రెండూ చేస్తున్నాను.

ఎడమ చెయ్యి చాచి పోగు అందుకున్నాను. వదిన ఎదురుగా వచ్చి కోల ఎత్తి నిలబడింది. పాట మళ్ళీ ఎత్తుకునేదాకా ఆగలేక, ఆ పోగు పట్టుకుని రెండు కాళ్ళూ నేల మీద నుంచి ఎత్తేశాను.

జారలేదు.